సర్వేలో దొరకని ఇళ్లు: నాన్‌రెస్పాన్స్‌ని అర్థం చేసుకుని లెక్కగట్టే పద్ధతి

గోదావరి డెల్టా ఊళ్లలో ఇంటింటి సర్వేలు చేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘మాకు 72 శాతం రెస్పాన్స్ వచ్చింది, సరిపోతుందా?’ ఆ అంకె ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. మిగతా 28 శాతం ఇళ్లు ఎవరివి, మనం అడిగిన విషయంలో వాళ్లకీ దొరికినవాళ్లకీ ఎంత తేడా ఉంది అన్నది తెలిస్తేనే చెప్పగలం. అంటే దొరకని ఇంటి గురించి కూడా మన దగ్గర ఎంతో కొంత సమాచారం ఉండాలి. అందుకే ఈ పని శాంపిల్ తీసిన రోజునే మొదలుపెట్టాలి.

కింది లెక్కలన్నీ ఒకే ఉదాహరణ మీద నడుస్తాయి. శాంపిల్ 600 ఇళ్లు. ప్రధాన ప్రశ్న: ‘మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా గల్ఫ్ దేశాల్లో పని చేస్తున్నారా?’ అంకెలు పద్ధతి చూపడానికి వేసుకున్నవి, ఏ ఊరి ఫలితాలూ కావు.

1. ఏది నాన్‌రెస్పాన్స్, ఏది కాదు

శాంపిల్‌లో ఉన్న ఇంటి నుంచి అసలు ఇంటర్వ్యూనే రాకపోతే అది ఇంటి స్థాయి నాన్‌రెస్పాన్స్. ఇంటర్వ్యూ జరిగి, ఒకటి రెండు ప్రశ్నలకి జవాబు రాకపోతే అది ప్రశ్న స్థాయి నాన్‌రెస్పాన్స్. రెండింటికీ లెక్క వేరు, మందు వేరు.

రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో కాపురముండే కుటుంబం మీ జాబితాలోనే లేదనుకోండి. అది ఈ రెండింటిలోకీ రాదు. అది కవరేజీ లోపం. ఎన్నిసార్లు తిరిగినా తీరదు, జాబితా సరిచేసుకోవాల్సిందే.

ఇంటి స్థాయిలో మళ్లీ మూడు కారణాలున్నాయి: మనిషి దొరక్కపోవడం, దొరికినా వద్దనడం, చెప్పే స్థితిలో లేకపోవడం. ఈ మూడింటినీ ‘రాలేదు’ అని ఒకే గంపలో వేస్తే తర్వాత ఏ లెక్కా కుదరదు.

2. ఫీల్డుకి వెళ్లే ముందు

జాబితా దగ్గర మొదలుపెట్టండి. 2011 జనాభా లెక్కల గ్రామాల పట్టిక వాడుతుంటే, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయన్నది గుర్తుంచుకోవాలి. అమలాపురం, రాజోలు మండలాలు ఆ పట్టికలో తూర్పు గోదావరి కింద ఉంటాయి, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఉన్నాయి. యానాం చుట్టూ ఉన్నవి ఆంధ్రా ఊళ్లే అయినా, అది పుదుచ్చేరి. జిల్లా, ఊరి కోడ్లు కలవకపోతే వెయిట్లు (ఒక్కో ఇల్లు లెక్కలో ఎన్నిళ్ల తరఫున నిలబడుతుందో చెప్పే అంకెలు) వేసేటప్పుడు ఊళ్లకి ఊళ్లే జారిపోతాయి.

ఓటర్ల జాబితాని ఇళ్ల జాబితాగా వాడొద్దు. ఊరు వదిలినవాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు అందులో ఉండిపోవచ్చు. కొత్తగా వచ్చి అద్దెకుంటున్నవాళ్లు ఉండకపోవచ్చు. ఎంచుకున్న వార్డుల్లో మీరే వీధి వీధి తిరిగి ఇళ్ల జాబితా రాసుకోవడం మేలు. ఆ తిరుగుడులోనే ప్రతి ఇంటికీ ఈ నాలుగూ రాయండి:

☐ ఇల్లు ఏటిగట్టుకి ఇవతలా, అవతల లంకలోనా
☐ ఇంటి రకం: డాబా, పెంకుటిల్లు, తాటాకిల్లు, రేకుల షెడ్డు
☐ ప్రధాన జీవనాధారం, పక్కింటివాళ్లు చెప్పినా సరే: వ్యవసాయం, చెరువులు, వేట, కూలి, ఇతరం
☐ జాబితా రాసిన రోజు తలుపు తీసి ఉందా, తాళమా

దొరికిన ఇళ్లకీ దొరకని ఇళ్లకీ రెండింటికీ ఉండే సమాచారం ఇదొక్కటే. రేపు పోల్చి చూడాలంటే ఇదే ఆధారం.

తర్వాత తేదీలు. జూలై, ఆగస్టుల్లో సార్వా (ఖరీఫ్ వరి) నాట్లు ఉంటాయి, పగలు ఇంట్లో మనిషి దొరకడు. అదే రోజుల్లో వరద వస్తే కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగి, పడవ ఉంటే తప్ప దారి ఉండదు. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. మత్స్యకార కుటుంబాల్లో మగవాళ్లు ఇంటి పట్టున దొరికే కాలం అదే, కానీ ఆ రోజుల ఆదాయం అడిగితే సంవత్సరం బొమ్మ రాదు. సంక్రాంతికి తలుపులన్నీ తెరిచే ఉంటాయి. లోపలున్నవాళ్లలో సగం చుట్టాలు, హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు. ఎవరిని ఇంటి మనిషిగా లెక్కించాలో ముందే రాసుకోకపోతే, రెస్పాన్స్ రేటు పెరుగుతుంది, సమాచారం చెడుతుంది.

ఇక శాంపిల్ ఎంత తీయాలి? 400 పూర్తి ఇంటర్వ్యూలు కావాలి, రెస్పాన్స్ 72 శాతం ఉండొచ్చు, జాబితాలో 5 శాతం కాపురం లేని ఇళ్లు అనుకుంటే: 400 ÷ (0.72 × 0.95) = 585. ఇలా పెంచడం వల్ల ఇంటర్వ్యూల సంఖ్య నిండుతుంది గానీ, దొరకనివాళ్ల వల్ల వచ్చే తేడా ఒక్క పిసరు కూడా తగ్గదు.

3. గుమ్మం దగ్గర ఏం రాయాలి

ఈ పని మొత్తానికి ఆయువుపట్టు ఇదే. వెళ్లిన ప్రతిసారీ ఒక వరుస రాయాలి: తేదీ, టైము, ఎన్నోసారి, ఎవరు మాట్లాడారు, ఏమన్నారు, ఫలితం కోడు. చివరి ఫలితం ఒక్కటే రాసే ఫారం పనికిరాదు.

ఫలితాలు ఏడు చాలు:

1. పూర్తి ఇంటర్వ్యూ
2. సగంలో ఆగింది
3. వద్దన్నారు
4. కాపురం ఉంది, మనిషి దొరకలేదు
5. ఇతరం: తీవ్ర అనారోగ్యం, వినికిడి లేకపోవడం, ఇంట్లో చావు
6. కాపురం ఉందో లేదో తేలలేదు
7. అర్హత లేదు: ఖాళీ ఇల్లు, కొట్టు, గోడౌను, కూలిపోయిన ఇల్లు

చిక్కంతా 4, 6, 7 మధ్యే. ఎన్యూమరేటర్లు (ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగేవాళ్లు) మూడింటికీ ‘డోర్ లాక్’ అని రాసి వచ్చేస్తారు. తాళం వేసిన ఇంటి ముందు ఒక్క నిమిషం నిలబడి చూస్తే చాలావరకు తేలిపోతుంది. గుమ్మంలో ముగ్గు తాజాగా ఉందా? తులసికోటలో మట్టి తడిగా ఉందా? కరెంటు మీటరు తిరుగుతోందా? దండెం మీద బట్టలున్నాయా? తాళం తుప్పు పట్టి ఉందా? పక్కింట్లో అడిగితే ‘ఆవిడ కువైట్‌లో ఉందండి, ఆయన చెరువు మీద పడుకుంటాడు, ఆదివారం వస్తాడు’ అన్నారంటే అది 4. ‘వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోయి నాలుగేళ్లయిందండి’ అంటే 7. పక్కిళ్లు కూడా లేకపోతేనే 6.

పక్కింటివాళ్ల మాట ఇల్లు ఖాళీయా కాదా తేల్చుకోవడానికి మాత్రమే వాడాలి. షెడ్యూలులో (ప్రశ్నల ఫారంలో) జవాబుగా ఎక్కించకూడదు.

ఇంకోచోట కూడా పొరపాటు జరుగుతుంది. గుమ్మంలో ఇల్లాలు ‘మా ఆయన లేరండి, తర్వాత రండి’ అంటే ఎన్యూమరేటరు ‘వద్దన్నారు’ అని రాసేస్తాడు. అది తిరస్కారం కాదు. ‘ఎప్పుడు రమ్మంటారమ్మా?’ అని అడిగి, చెప్పిన టైముకి వెళ్లాలి. ఆ టైముకి రెండుసార్లు వెళ్లినా ఇదే మాటైతే అప్పుడు 3 వేయండి. ‘మాకొద్దు బాబూ, మమ్మల్ని అడగకండి’ అంటే మాత్రం అది మొదటిసారే తిరస్కారం. అలాంటి ఇంటికి మళ్లీ వెళ్లి విసిగించకూడదు. చెప్పకపోవడం వాళ్ల హక్కు.

4. మళ్లీ వెళ్లే క్రమం

కనీసం నాలుగుసార్లు వెళ్లాలి, నాలుగూ వేర్వేరు రోజుల్లో. వేరు వేరు వేళల్లో వెళ్లకపోతే ఎన్నిసార్లు వెళ్లినా ఒక్కసారి వెళ్లినట్టే.

☐ మొదటిసారి: మామూలు రోజు ఉదయం
☐ రెండోసారి: మరో రోజు సాయంత్రం 5 తర్వాత
☐ మూడోసారి: ఆదివారం
☐ నాలుగోసారి: ఇంటివాళ్లో పక్కింటివాళ్లో చెప్పిన వేళకి, వీలైతే వేరే ఎన్యూమరేటరు

తాళం ఉన్న ఇంటికి బదులు పక్కిల్లు తీసుకోవడం మాత్రం వద్దు. తలుపు తీసిన పక్కిల్లు, తాళం వేసిన ఇల్లు ఒకలాంటివి కావు. ఆ తేడానే మనం కొలవాలనుకుంటున్నాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బదులు ఇళ్లు తీసుకోవడం ఉండదు. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ నమూనా సర్వే) సర్వేల్లో బదులు తీసుకున్న చోట అది బదులు ఇల్లేనని, ఏ కారణంతో తీసుకున్నారో షెడ్యూలులోనే కోడు వేస్తారు. మీకు తప్పనిసరైతే అలాగే రాయండి. రెస్పాన్స్ రేటు లెక్కలో బదులు ఇంటిని పూర్తి ఇంటర్వ్యూగా చూపించకండి.

5. రెస్పాన్స్ రేటు లెక్క

మన 600 ఇళ్ల ఫలితం ఇలా వచ్చిందనుకుందాం:

పూర్తి 408
సగంలో ఆగినవి 12
వద్దన్నవి 48
మనిషి దొరకనివి 66
ఇతరం 6
తేలనివి 30
అర్హత లేనివి 30

అర్హత లేని 30 ఇళ్లు లెక్కలోంచి పోతాయి. మిగిలింది 570.

కనిష్ఠ రేటు: తేలని ఇళ్లన్నీ కాపురం ఉన్నవే అనుకుని, 408 ÷ 570 = 71.6 శాతం. అమెరికా ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘం ఏఏపీఓఆర్ ప్రమాణాల్లో ఇది ఆర్‌ఆర్1, అంటే రెస్పాన్స్ రేటు 1.

అంచనా రేటు: తేలిన ఇళ్లలో అర్హత ఉన్నవి 540, లేనివి 30. అంటే 540 ÷ 570 = 0.947. తేలని ఇళ్లలో కూడా అంతే భాగానికి కాపురం ఉందనుకుంటే 30 × 0.947 = 28.4. అప్పుడు 408 ÷ 568.4 = 71.8 శాతం. ఇది ఆర్‌ఆర్3. ఏ పద్ధతిలో అంచనా వేశారో రిపోర్టులో రాయాలి.

తేలని ఇళ్లని మొత్తంగా వదిలేస్తే 408 ÷ 540 = 75.6 శాతం, ఇది ఆర్‌ఆర్5. తేలని ఇళ్లలో ఒక్కదాంట్లో కూడా కాపురం లేదని గట్టిగా చెప్పగలిగితేనే వాడాలి.

చాలా రిపోర్టుల్లో కనిపించే తప్పు లెక్క: 408 ÷ (408 + 48) = 89.5 శాతం. దొరకని ఇళ్లని మాయం చేస్తే ఇలాగే వస్తుంది. ఎక్కడైనా 90కి దగ్గరగా అంకె కనిపిస్తే ముందు హారంలో ఏముందో అడగండి.

రేటు ఒక్కటి వేసి ఆగకుండా దాన్ని రెండుగా విడగొట్టండి. మనిషిని కలిసిన ఇళ్లు 408 + 12 + 48 + 6 = 474. కలిసిన రేటు 474 ÷ 570 = 83.2 శాతం. కలిసినవాళ్లలో పూర్తిగా చెప్పినవాళ్లు 408 ÷ 474 = 86.1 శాతం. వద్దన్నది 570లో 48, అంటే 8.4 శాతమే. కాబట్టి ఈ సర్వేలో పరిచయ వాక్యాలు మార్చి, ఉత్తరాలు పంపి పెద్దగా ఒరిగేదేం లేదు. మార్చాల్సింది వెళ్లే వేళల్ని.

ఇళ్లని ఎంచుకునే అవకాశం అన్ని చోట్లా సమానం కాకపోతే, ప్రతి ఇంటికీ దాని ఎంపిక వెయిటు (ఎంపిక అవకాశానికి తిరగేసిన సంఖ్య) వేసి ఇదే లెక్క మళ్లీ చేయండి. రెండు రేట్లూ ఇవ్వండి.

6. అసలు ప్రశ్న: తేడా ఎంత

సూత్రం చిన్నది. పొరపాటు = దొరకని భాగం × (దొరికినవాళ్ల సగటు − దొరకనివాళ్ల సగటు).

దొరికిన 408 ఇళ్లలో 18 శాతంలో గల్ఫ్ మనిషి ఉన్నారు. దొరకని ఇళ్లలో అది 30 శాతం అని తేలిందనుకోండి. 0.28 × (18 − 30) = −3.4. మన సర్వే అసలు సంఖ్య కంటే దాదాపు మూడున్నర పాయింట్లు తక్కువ చెబుతోంది. అసలు సంఖ్య 21.4 దగ్గరుంటుంది.

అదే సర్వేలో మంచినీటి కుళాయి ప్రశ్న తీసుకుందాం. దొరికిన ఇళ్లలో 82 శాతం, దొరకని ఇళ్లలో 81 శాతం అయితే పొరపాటు 0.3 పాయింటు కూడా లేదు. రెస్పాన్స్ రేటు రెండింటికీ ఒకటే. కాబట్టి ‘మా సర్వేలో నాన్‌రెస్పాన్స్ పొరపాటు లేదు’ అని ఒకే ముక్కలో చెప్పడం కుదరదు. ప్రతి ముఖ్యమైన ప్రశ్నకీ విడిగా చూడాలి. ఇంట్లో మనిషి లేకపోవడానికీ మనం అడిగే విషయానికీ కారణం ఒకటే అయితే, అక్కడ ప్రమాదం ఎక్కువ. గల్ఫ్, చెరువు పని, వేట, వలస కూలి అన్నీ అలాంటివే.

మొత్తం రేటు ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఈ పరీక్ష మానొద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఇళ్ల రెస్పాన్స్ 98 శాతం, మహిళలది 97. మగవాళ్లది 92. ఇంటి రేటు ఒక్కటే చూస్తే ఈ తేడా కనబడదు.

మరి దొరకనివాళ్ల సగటు ఎలా తెలుస్తుంది? మూడు దారులున్నాయి. మూడూ చేయండి.

మొదటి దారి: ఎన్నోసారికి దొరికారు. ఫారంలో ప్రతిసారీ రాశాం కాబట్టి ఇది ఖర్చు లేని పని. మొదటిసారే దొరికిన 220 ఇళ్లలో గల్ఫ్ 14 శాతం, రెండోసారి దొరికిన 118లో 20 శాతం, మూడోసారి లేదా తర్వాత దొరికిన 70లో 27 శాతం అనుకోండి. మెట్టు మెట్టుకీ పెరుగుతోంది. అసలు దొరకనివాళ్లలో ఇంకా ఎక్కువ ఉండొచ్చన్న సూచన ఇది. వద్దన్నవాళ్ల గురించి మాత్రం ఈ దారి ఏమీ చెప్పదు.

రెండో దారి: జాబితాలో రాసుకున్న వివరాలతో పోల్చడం. అర్హత తేలిన 540లో లంక ఇళ్లు 200, దొరికినవి 120, అంటే 60 శాతం. గట్టుకి ఇవతల 340లో 288, అంటే 84.7 శాతం. తేడా పెద్దదే. దీన్ని ఒకే అంకెలో చెప్పాలంటే ఆర్-ఇండికేటర్ ఉంది: 1 నుంచి, ఇళ్ల రెస్పాన్స్ సంభావ్యతల ప్రామాణిక విచలనానికి (అవి సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతకి) రెట్టింపు తీసేయాలి. ఇక్కడ విచలనం 0.119, కాబట్టి 1 − 0.238 = 0.76. అన్ని గుంపులూ సమానంగా స్పందిస్తే 1 వస్తుంది. మీరు పోల్చడానికి తీసుకున్న వివరాలు మారితే ఈ అంకె కూడా మారుతుంది, కాబట్టి వేరే సర్వేతో పోల్చేటప్పుడు జాగ్రత్త.

మూడో దారి: దొరకనివాళ్లలో చిన్న శాంపిల్. అన్నిటికంటే గట్టిది ఇదే. 1946లో హాన్సెన్, హర్విట్జ్ ప్రతిపాదించిన పద్ధతి. క్రమం ఇదీ:

1. వద్దన్నవి, దొరకనివి, ఇతరం కలిపి 120 ఇళ్లు. ‘మాకొద్దు, అడగకండి’ అని ఖండితంగా చెప్పినవాటిని పక్కన పెట్టి, ఎన్ని పక్కన పెట్టారో రాయండి.
2. మిగిలినవాటిలో మూడింట ఒకటి లాటరీ పద్ధతిలో తీయండి. సులువుగా దొరికేవి ఏరుకోకూడదు.
3. షెడ్యూలుని అయిదారు ముఖ్యమైన ప్రశ్నలకి కుదించండి.
4. మీ దగ్గరున్న మంచి ఎన్యూమరేటర్లని పంపండి. మనిషి చెరువు మీదుంటే చెరువు మీదకే వెళ్లాలి. ఫోనులో అయినా సరే.
5. వచ్చిన ప్రతి ఇంటర్వ్యూకీ ఎంపిక వెయిటుని 3తో గుణించండి, ఆ ఒక్క ఇల్లు మూడిళ్ల తరఫున నిలబడుతుంది కాబట్టి.

ఇక్కడ కూడా అందరూ దొరకరు. ఎంతమంది దొరికారో విడిగా చెప్పండి.

ఈ మూడో దారికి డబ్బు లేకపోతే కనీసం హద్దులు వేయండి. దొరకనివాళ్లలో ఒక్కరింట్లో కూడా గల్ఫ్ మనిషి లేకపోతే అసలు సంఖ్య 13 శాతం, అందరిళ్లలో ఉంటే 41. ఇంత వెడల్పు చూసి బెంబేలెత్తక్కర్లేదు. ఏ ఊహా లేకుండా మనకు తెలిసింది ఇంతే అని చెప్పడానికి అది పనికొస్తుంది.

7. వెయిట్లు వేయడం, వాటి హద్దు

రెస్పాన్స్ తేడాగా ఉన్న గుంపులకి వెయిటు = ఆ గుంపు రేటుకి తిరగేసిన సంఖ్య. లంక ఇళ్లకి 200 ÷ 120 = 1.67, ఇవతలి ఇళ్లకి 340 ÷ 288 = 1.18. లంకలో గల్ఫ్ 24 శాతం, ఇవతల 15.5 అనుకుంటే, వెయిట్లు లేకుండా 18.0, వేశాక 18.6.

ఇక్కడ ఆగి చూడాలి. దొరకని ఇళ్లలో 30 శాతం అన్నది చిన్న శాంపిల్‌లో తేలిందనుకుంటే ఆ లెక్క 21.4 అంటోంది, వెయిట్లు 18.6 దగ్గరే ఆగిపోయాయి. ఎందుకంటే ఈ వెయిట్లు లంకలో దొరికిన ఇల్లూ లంకలో దొరకని ఇల్లూ ఒకటే అనుకుంటాయి. కానీ ఒకే లంకలో, ఒకే వీధిలో, మనిషి కువైట్‌లో ఉండడం వల్లే తాళం పడ్డ ఇల్లు ఉంది. ఊరిని సరిచేసినంత మాత్రాన ఆ తేడా సరికాదు. జీవనాధారం, ఇంటి రకం లాంటి వివరాలు కూడా కలిపి గుంపులు చేస్తే కొంత నయం.

గుంపులు మరీ చిన్నవి చేయొద్దు. ఒక్కోదాంట్లో కనీసం 30 పూర్తి ఇంటర్వ్యూలు ఉండేలా చూసుకోండి. ఏదైనా గుంపు వెయిటు 3 దాటితే దాన్ని దగ్గరి గుంపుతో కలపండి.

8. ప్రశ్న స్థాయి లెక్క: కౌలు ఉదాహరణ

డెల్టాలో ఎక్కువగా ఖాళీగా వచ్చే గడి కౌలుదే. నోటిమాట కౌళ్లు ఎక్కువ, కాగితం ఉండదు. చెబితే భూమి పోతుందేమోనని కౌలు రైతుకీ, హక్కుకి ఇబ్బంది వస్తుందేమోనని ఆసామికీ (భూమి యజమానికీ) భయం.

408 ఇళ్లలో సాగు చేస్తున్నవి 164, కౌలు ప్రశ్నకి జవాబిచ్చినవి 131 అనుకోండి. 131 ÷ 164 = 80 శాతం. హారంలో ఆ ప్రశ్న వర్తించే ఇళ్లే ఉండాలి, 408 కాదు. ఇంటి రేటుతో గుణిస్తే 0.718 × 0.80 = 0.57. అంటే ఈ ప్రశ్నకి నిజంగా మన చేతిలో ఉన్నది 57 శాతమే.

ఖాళీ గడి ఉండకూడదు. ‘తెలీదు’, ‘చెప్పనన్నారు’, ‘వర్తించదు’, ‘అడగడం మర్చిపోయాను’ నాలుగింటికీ నాలుగు కోడ్లు కావాలి. 98, 99 లాంటివి పెడితే అసలు జవాబులతో కలిసిపోతాయి. 9997, 9998 లాంటివి పెట్టండి.

జవాబులు పెరగాలంటే:

☐ ఆసామి, ఊరి పెద్దలు పక్కన లేనప్పుడు అడగండి
☐ రూపాయల్లో కాకుండా ‘ఎకరాకి ఎన్ని బస్తాలిస్తారండి?’ అని అడగండి. బస్తా 75 కిలోలదేనా అని ఖాయం చేసుకోండి
☐ సార్వాకి, దాళ్వాకి (రబీ వరికి) విడివిడిగా అడగండి
☐ సర్వే నంబరు, ఆసామి పేరు అడగకండి. ఆ రెండూ అడిగితే మిగతా షెడ్యూలు కూడా పోతుంది
☐ కచ్చితంగా చెప్పకపోతే ‘పదిహేను లోపా, పైనా?’ అని మెట్లు వేసి అడగండి

9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ఒక ఎన్యూమరేటరుకి ‘వద్దన్నారు’ మిగతావాళ్ల కంటే బాగా ఎక్కువ వస్తుంటే ముందు అతని ప్రాంతం చూడండి, తర్వాత అతని పరిచయ మాటలు వినండి. వారం గడవకముందే ఎన్యూమరేటరు వారీ పట్టిక తీస్తేనే ఇది దొరుకుతుంది.

నాలుగు సందర్శనలూ ఒకే గంటలో పడి ఉంటే అవి రాసినవే తప్ప వెళ్లినవి కావు. టైములు చూడండి, పదింట ఒక ఇంటికి సూపర్‌వైజరు వెళ్లి ఖాయం చేసుకోవాలి.

‘అర్హత లేదు’ కోడు ఒక్కసారిగా పెరిగితే అనుమానించండి. రేటు పెంచడానికి అన్నిటికంటే సులువైన దారి, దొరకని ఇంటిని ఖాళీ ఇల్లని రాసేయడం.

సచివాలయం సిబ్బందితో కలిసి గుమ్మానికి వెళితే తలుపులు తెరుచుకుంటాయి. జవాబులు మాత్రం పథకాల భయంతో మారిపోతాయి. దారి చూపించడం వరకే వాళ్లని పిలవండి, ఇంటర్వ్యూ మొదలయ్యేసరికి వాళ్లు అక్కడ ఉండకూడదు.

10. రిపోర్టులో తప్పకుండా ఉండాల్సినవి

☐ ఏడు ఫలితాల పట్టిక, సంఖ్యలతో
☐ వాడిన సూత్రం పేరు, తేలని ఇళ్లని ఏం చేశారు
☐ కలిసిన రేటు, తిరస్కార రేటు విడివిడిగా
☐ గుంపుల వారీ రేట్లు: లంక, ఇవతల, జీవనాధారం
☐ ముఖ్యమైన ప్రతి ప్రశ్నకీ వెయిట్లు వేయకముందు, వేశాక వచ్చిన సంఖ్యలు
☐ చిన్న శాంపిల్ చేస్తే దాని ఫలితం, అందులో ఎంతమంది దొరికారు
☐ బదులు ఇళ్లు తీసుకుంటే ఎన్ని, ఎందుకు
☐ ఫీల్డు తేదీలు, ఆ రోజుల్లో వరద, పండగ, కోతలు ఏవైనా ఉంటే అవీ

సందర్శనల ఫారాలని డేటాతో పాటే దాచండి, కాకపోతే పేర్లు, డోర్ నంబర్లు విడదీసి వేరే ఫైల్లో తాళం వేసి ఉంచాలి. మళ్లీ అదే ఊళ్లో సర్వే పెట్టేటప్పుడు ఏ వీధికి ఏ వేళ వెళ్లాలో ఆ ఫారాలే చెబుతాయి.